రాత్రి ఏడు దాటాక వెళ్లి చూడండి: మేధో వైకల్యం, ఆటిజం ఉన్న మనవాళ్లకు హోమ్ వెతికే పద్ధతి

మా తమ్ముడికి ముప్పై ఎనిమిదేళ్లు. మేధో వైకల్యం, ఆటిజం, వాటికి తోడు ఫిట్స్. అమ్మ ఉన్నన్నాళ్లూ వాడి సంగతి అమ్మే చూసుకుంది. అమ్మ పోయిన పదకొండో రోజున చుట్టాలందరూ హాల్లో చాపలు పరుచుకుని కూర్చుని "ఇప్పుడు వీణ్ణి ఏం చేద్దాం" అన్నారు, వాడి ముందే. ఆ తర్వాత ఏడాదిలో నేను పద్నాలుగు హోమ్‌లు తిరిగాను. మొదట చేర్చిన చోటి నుంచి ఐదు నెలలకే తీసుకొచ్చేశాను. రెండో చోట ఆరేళ్లుగా ఉన్నాడు. అక్కడా గొడవలు లేవని కాదు, కానీ నాకు రాత్రిళ్లు నిద్ర పడుతోంది.

ఈ మధ్య నాలాంటి అక్కలు, అన్నలు, ముసలి తల్లిదండ్రులు ఫోన్ చేసి "మంచి హోమ్ పేరు చెప్పండి" అంటున్నారు. పేరు చెప్పను. పోయినేడు బాగున్న చోటు వార్డెన్ మారితే ఈ ఏడు బాగుండదు. ఎలా చూడాలో మాత్రం చెప్తాను.

అసలు హోమ్ కావాలా?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఐదో సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్న మనిషికి అందరి మధ్యా బతికే హక్కు ఉంది, ఫలానా చోటే ఉండాలని ఎవరూ బలవంతం చేయకూడదు. కాబట్టి హోమ్ మొదటి మెట్టు కాదు. పగలు డే కేర్‌కు పంపి రాత్రికి ఇంట్లో ఉంచుకోవచ్చేమో చూడండి. ముగ్గురు నలుగురు తల్లిదండ్రులు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, ఇద్దరు కేర్‌టేకర్లను పెట్టుకుని, వంతులవారీగా చూసుకునే పద్ధతీ ఉంది. కష్టమే, కానీ అందులో తాళాలు మన చేతిలో ఉంటాయి.

హోమ్ తప్పదనుకుంటే ఆ పని తల్లిదండ్రులు బతికుండగానే చేయండి. మా తమ్ముడికి అమ్మ, ఇల్లు, మంచం, పక్కింటి కుక్క అన్నీ కొద్ది నెలల తేడాతో పోయాయి. మాటలు తక్కువ గనుక చేయి కొరుక్కున్నాడు. మొదటి హోమ్‌వాళ్లు రిజిస్టర్‌లో "వయలెంట్" అని రాసుకున్నారు. అమ్మ ఉండగానే వారానికి రెండు రాత్రుళ్లు అక్కడ పడుకోబెట్టి అలవాటు చేసి ఉంటే సగం బాధ తప్పేది.

అడుగు 1: ముందు ఒక నోట్‌బుక్ కొనండి

అడ్మిషన్ ఫారంలో మీవాడి గురించి రాయడానికి నాలుగు గీతలు ఉంటాయి. ఐక్యూ ఎంత, నడుస్తాడా, టాయ్‌లెట్ చెప్తాడా, కొడతాడా. వాటితో ఏ కేర్‌టేకరూ మనిషిని చూసుకోలేదు. నెల రోజుల పాటు రోజూ రాత్రి పది నిమిషాలు కూర్చుని, అమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియని సంగతులన్నీ రాయండి.

మా తమ్ముడి పుస్తకంలోవి కొన్ని చెప్తాను. వాడు "బస్" అన్నాడంటే బయటికి పోదామని కాదు, కడుపు నొప్పి. చిన్నప్పుడు తిరుపతి వెళ్తూ బస్సులో వాంతులు చేసుకున్నాడు, అప్పటి నుంచీ కడుపులో తిప్పితే అదే మాట. నొప్పి మరీ ఎక్కువైతే ఏడవడు, నవ్వుతాడు. పెరుగన్నం పక్కన ఆవకాయ విడిగా ఉండాలి, కలిపితే ప్లేటు గోడకు పోతుంది. మిక్సీ శబ్దం పడదు, కానీ "మిక్సీ వేస్తున్నాం" అని ముందు చెప్తే చెవులు మూసుకుని ఓర్చుకుంటాడు. ఫిట్స్ వచ్చే ముందు ఎడమ చేతి వేళ్లు ఆడతాయి. ఇవేవీ డాక్టర్ల ఫైల్లో లేవు.

అమ్మాయిలైతే నెలసరి తేదీలు, అప్పుడు కోపం వస్తుందా, ప్యాడ్ తానే మార్చుకుంటుందా, ఎవరు సాయం చేస్తే ఒప్పుకుంటుంది అన్నవి తప్పకుండా రాయాలి. ఫిట్స్ వచ్చినప్పుడు ఎలా ఉంటుందో, అన్నం ఎలా తింటారో ఫోన్‌లో చిన్న వీడియోలు తీసి పెట్టుకోండి. చివర్లో అన్నింటినీ ఒక్క పేజీకి కుదించి బీరువా తలుపు లోపల అంటించేలా తయారు చేయండి. రాత్రి డ్యూటీకి కొత్తగా వచ్చిన ఆయా పుస్తకం తెరవదు, ఆ పేజీ చదువుతుంది.

రాయడానికి చేయి తిరగకపోతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థకు వెళ్లండి. మన పెద్దవాళ్లకు ఎన్‌ఐఎంహెచ్‌గా తెలిసిన ఈ సంస్థను ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. అక్కడ పరీక్షలు చేసి, ఏ పనికి ఎంత సాయం కావాలో కాగితం మీద పెట్టి ఇస్తారు. అది మీ పుస్తకానికి వెన్నెముక అవుతుంది.

అడుగు 2: కాగితాలు

త్వరగా తేలే పని, కానీ వదలకూడదు. వైకల్యం ఉన్నవారి కోసం నడిపే సంస్థ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ లేకుండా నడవకూడదని 2016 చట్టం యాభయ్యో సెక్షన్ చెప్తుంది. ఆ కాగితం అడిగి, ఎప్పటి వరకు చెల్లుతుందో తేదీ చూడండి. ఉండబోయేవారికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం పుట్టింది. ఆ ట్రస్ట్‌లో నమోదైన సంస్థ అయితే మంచిదే. స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) ఇచ్చిన నంబర్ అడగండి. నిజంగా చదివినవారు వెంటనే చెప్తారు, గుర్తు లేకపోతే కార్డు తీసి చూపిస్తారు.

ఒక తేడా మనవాళ్లు చాలామంది పట్టించుకోరు. మానసిక వ్యాధి వేరు, మేధో వైకల్యం వేరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మేధో వైకల్యాన్ని మానసిక వ్యాధి కింద లెక్కించదు. అయినా కొన్ని చోట్ల మతిస్థిమితం తప్పినవారిని, తాగుడు మాన్పించడానికి తెచ్చినవారిని, ముసలివారిని, ఆటిజం ఉన్న కుర్రాళ్లను ఒకే హాల్లో పడుకోబెడతారు. అలాంటి చోట కాఫీ కూడా తాగకుండా వచ్చేయండి. గొలుసులు, తాళ్లు కనిపిస్తే ఇక చెప్పేదేముంది. తమిళనాడు ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచే ఒక చోట 2001 ఆగస్టు 6న మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు కదలలేక కాలిపోయారు, 28 మంది చనిపోయారు. మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదని ఇప్పుడు చట్టంలో స్పష్టంగా ఉంది. మనవాళ్లకు మాత్రం గొలుసు ఎలా చెల్లుతుంది?

కాగితాలన్నీ సరిగ్గా ఉంటే చాలా? ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేట్ ఆసుపత్రి ఉండేది. 24 పడకలు, మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవారి కోసం. ప్రభుత్వ తనిఖీ సంస్థ పరిధిలోనే ఉంది. ఒక్కో మనిషి మీద వారానికి సగటున 3,500 పౌండ్లు ప్రభుత్వం నుంచి వచ్చేవి. అక్కడ పనిచేసిన ఒక సీనియర్ నర్సు పైవాళ్లకూ, తనిఖీ సంస్థకూ ఫిర్యాదు చేస్తే కదలిక లేదు. చివరికి బీబీసీ విలేకరి ఉద్యోగిలా చేరి రహస్యంగా చిత్రీకరించాడు. కొట్టడం, జుట్టు పట్టి లాగడం, బట్టలతోనే షవర్ కిందికి తోయడం 2011 మే 31న దేశమంతా టీవీలో చూసింది. పదకొండు మందికి శిక్షలు పడ్డాయి, వారిలో ఆరుగురు జైలుకు వెళ్లారు. మన దేశంలోనూ చూశాం. ఢిల్లీ రోహిణిలోని ప్రభుత్వ హోమ్ ఆశా కిరణ్‌లో 2024 జూలై ఒక్క నెలలోనే పదిమందికి పైగా చనిపోయారు. పట్టేదానికంటే చాలా ఎక్కువమందిని అక్కడ ఉంచారన్నది అప్పుడే అందరి నోటా పడింది.

ఇంగ్లండ్ తనిఖీ సంస్థ ఇప్పుడు ఏ హోమ్‌కైనా ఐదు ప్రశ్నలు వేస్తుంది. ఇక్కడ మనిషి భద్రంగా ఉన్నాడా, చేసే సాయం పనికొస్తోందా, దయగా చూస్తున్నారా, అవసరానికి తగ్గట్టు మారుతున్నారా, నడిపేవాళ్లు సరిగా నడుపుతున్నారా. ప్రశ్నలు మంచివే. జవాబులు ఆఫీసు గదిలో మాత్రం దొరకవు.

అడుగు 3: మూడుసార్లు వెళ్లండి, అందులో ఒకసారి రాత్రి ఏడు దాటాక

మొదటిసారి చెప్పి వెళ్తారు. గార్డెన్, ఫిజియోథెరపీ గది, పిల్లలు చేసిన కొవ్వొత్తులు చూపిస్తారు. చూడండి, మెచ్చుకోండి. రెండోసారి భోజనం వేళకు వెళ్లండి. మూడోసారి "ఇటు పని మీద వచ్చాం, ఒక కాగితం ఇచ్చి పోదామని" అంటూ రాత్రి ఏడు, ఏడున్నరకు వెళ్లండి. రానివ్వకపోతే అదే మీకు జవాబు. భద్రత కోసం అంటారు. నిజంగా భద్రతే అయితే మీ ఆధార్ చూసి, రిజిస్టర్‌లో రాయించుకుని, ఒక మనిషిని తోడిచ్చి పంపుతారు.

రాత్రి ఎందుకంటే, పగలు డ్రైవర్, వంటమనిషి, టీచర్, మేనేజర్ అందరూ కలిసి చాలామంది ఉన్నట్టు కనిపిస్తుంది. ఆరు దాటితే మిగిలేది ఇద్దరో ముగ్గురో. నేను చూసిన ఒక చోట ముప్పైమందికి రాత్రి ఒక్క ఆయా, గేటు దగ్గర వాచ్‌మన్. ఆమె పాపం మంచిదే. కానీ లెక్క వేయండి: ఎనిమిది మందికి పడుకునే ముందు టాయ్‌లెట్‌లో సాయం కావాలంటే, ఒక్కొక్కరికి పావుగంట చొప్పున రెండు గంటలు. ఆ రెండు గంటల్లో ఎవరికైనా ఫిట్స్ వస్తే? ఆ లెక్క కుదరక ఆమె చేసేది ఏమిటంటే అందరికీ డైపర్లు తొడిగేయడం, సాయంత్రం నాలుగు దాటాక నీళ్లు ఇవ్వకపోవడం. ఇంట్లో ఇరవై ఏళ్లుగా టాయ్‌లెట్ చెప్పే మనిషి ఆరు నెలల్లో ఆ అలవాటు మర్చిపోతాడు.

రాత్రి భోజనం ఎన్నింటికి అని అడగండి. నేను ఎక్కడికి వెళ్లినా మొదట అడిగే ప్రశ్న ఇదే. ఐదున్నరకు పెట్టేస్తున్నారంటే డే షిఫ్ట్ వాళ్లు ఇంటికి పోయేలోపు పని ముగించాలని. మర్నాడు ఎనిమిదికి ఇడ్లీ పెట్టేదాకా పద్నాలుగున్నర గంటలు ఖాళీ కడుపు. ఫిట్స్ మందులు వాడేవారికీ, షుగర్ ఉన్నవారికీ అది ఆటలు కాదు.

తినడం దగ్గర కూర్చుని చూడండి. అన్నం, పప్పు, కూర, పెరుగు అన్నీ ఒకే గిన్నెలో కలిపి వరసగా ముద్దలు పెట్టుకుంటూ పోతున్నారా, లేక ఎదురుగా కూర్చుని, మింగాడా లేదా చూసి తర్వాతి ముద్ద పెడుతున్నారా? మనవాళ్లలో చాలామందికి మింగడంలో ఇబ్బంది ఉంటుంది. తొందరపెడితే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. నిలబడి తినిపించే చేతికి ఆ సంగతి తెలియదు.

ఇక చెవులతో చూడండి. మన తెలుగులో ఒక వింత ఉంది. ఏ హోమ్‌కు వెళ్లినా నలభై ఏళ్లవారిని కూడా "పిల్లలు" అంటారు. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ పిల్లలని అన్నాక అడగడం ఉండదు, చెప్పడమే. "ఒరేయ్ లెగరా" అంటున్నారా, "బాబూ స్నానానికి వెళ్దామా" అంటున్నారా? టీ కావాలా పాలు కావాలా అని ఎవరైనా ఎవరినైనా అడుగుతుంటే విన్నారా? వద్దని తల ఊపితే ఆగారా? మా తమ్ముడు ఇప్పుడున్న చోట ఒక ఆయా వాణ్ణి "అన్నా" అని పిలుస్తుంది. వాడికి ఆ మాట అర్థమవుతుందో లేదో తెలియదు. పిలిచినప్పుడల్లా మాత్రం వెనక్కి తిరుగుతాడు.

బాత్రూమ్‌కు తలుపు ఉందా, అది మూసుకుంటుందా, లోపల గడియ పడితే బయటి నుంచి తీయగలరా? కాలి గోళ్లు, మడమలు, పళ్లు చూడండి. ముఖానికి పౌడర్ రాసి కూర్చోబెట్టగలరు గానీ కాలి గోళ్లు ఒక్కరోజులో బాగుపడవు. లోదుస్తులు ఎవరివి వారికే ఉన్నాయా, లేక ఒకే కుప్పలోంచి చేతికొచ్చినది తొడుగుతున్నారా అని అడగడానికి మొహమాటపడకండి. మంచినీళ్లు తామే తీసుకునేంత దగ్గర్లో ఉన్నాయా? సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఏం చేస్తారు? అందరూ గోడకు ఆనుకుని టీవీ ముందు ఉంటే, ఆ టీవీలో సీరియల్ ఎవరి కోసం నడుస్తోందో గమనించండి. చాలాసార్లు స్టాఫ్ కోసం.

ఫినాయిల్ వాసన గురించి ఒక మాట. బాగా ఘాటుగా ఉంటే శుభ్రమని మురిసిపోకండి. మీరు వస్తున్నారని కడిగి ఉండవచ్చు. వంటింటి నుంచి పోపు వాసన వస్తోందంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

ఎంతమంది ఉంటారన్నది కూడా లెక్కే. ఇంగ్లండ్‌లో ఇలాంటి కొత్త ఇళ్లు చిన్నవిగా, ఆరుగురికి మించకుండా ఉండాలన్నది వాళ్ల విధానం. మన దగ్గర అంత చిన్నవి దొరకడం అరుదు. పెద్దదే తప్పనిసరైతే లోపల చిన్న చిన్న గుంపులుగా, ఒక్కో గుంపుకు తమ మనుషులు ఉండేలా విడదీశారా చూడండి.

అడుగు 4: "ఉందా" అని అడగకండి, "పోయినసారి" అని అడగండి

"డాక్టర్ ఉన్నారా" అంటే ఉన్నారంటారు. "పోయినసారి ఎవరికైనా రాత్రి జ్వరం వస్తే ఏం చేశారు?" అంటే కథ చెప్పాలి. కథలో తేదీ, మనిషి, ఆటో, ఆసుపత్రి వస్తే నిజం. "మాకలాంటివి జరగవండి" అంటే నమ్మకండి. ముప్పైమంది ఉన్న ఇంట్లో ఎవరూ పడకుండా, కొట్టుకోకుండా, జ్వరం రాకుండా ఉండటం జరగదు. దెబ్బల రిజిస్టర్ ఖాళీగా ఉన్న హోమ్ కంటే నిండా రాతలున్న హోమ్ నయం.

ఎవరైనా తల గోడకు కొట్టుకుంటే ఏం చేస్తారని అడగండి. "పడుకోబెడతాం" అన్నా, "గదిలో పెడతాం" అన్నా కుర్చీలోంచి లేవండి. "ముందు నొప్పేమైనా ఉందేమో చూస్తాం, పళ్లో చెవో, ఆ రోజు ఎవరైనా సెలవు పెట్టారేమో చూస్తాం" అంటే ఇంకో అరగంట కూర్చోండి.

పోయిన ఏడాదిలో ఎంతమంది కేర్‌టేకర్లు మానేశారు, జీతం ఏ తేదీకి వస్తుంది అని మేనేజర్‌ను కాదు, ఆయాలను అడగండి. రెండు నెలలు జీతం అందని మనిషి చేతిలో ఓపిక మిగలదు.

అమ్మాయిల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెప్పాలి. కొన్ని హోమ్‌లు "గర్భసంచి తీయించాక తీసుకురండి" అని మెల్లగా చెవిలో వేస్తాయి. 1994లో మహారాష్ట్ర షిరూర్‌లోని ప్రభుత్వ హోమ్ అమ్మాయిలకు పుణె ఆసుపత్రిలో ఇలాగే ఆపరేషన్లు చేయిస్తే దేశమంతా గొడవైంది. ఆ మనిషి ఇష్టపూర్వక సమ్మతి లేకుండా సంతానం కలగకుండా చేసే ఏ వైద్యమూ చేయకూడదని 2016 చట్టం పదో సెక్షన్ చెప్తోంది. నెలసరి ఆగిపోయినంత మాత్రాన అత్యాచారం ఆగదు. బయటపడకుండా పోతుంది, అంతే. మీరు అడగాల్సిందల్లా ఆమెకు స్నానం చేయించేది ఎవరు, రాత్రి ఆ అంతస్తులోకి మగవాళ్లెవరు రాగలరు అన్నవే.

అడుగు 5: మందులు, ఫిట్స్, మలబద్ధకం

మొదటి హోమ్‌లో మా తమ్ముడు నాలుగో నెలకల్లా "చాలా సెటిల్ అయ్యాడు" అన్నారు. వెళ్లి చూస్తే చొంగ కారుస్తూ కూర్చుని ఉన్నాడు, పది కిలోలు పెరిగాడు. రిస్పెరిడోన్ అనే, మనసు మీద పనిచేసే మందు మోతాదు పెంచి, పక్కన ఇంకో నిద్ర మాత్ర చేర్చారు. మాకు చెప్పలేదు. ఇలాంటి మందులు అందరికీ చెడ్డవని నేను అనను. ఆటిజంలో విపరీతమైన చిరాకుకు రిస్పెరిడోన్ నిజంగానే కొందరికి పని చేస్తుంది. కానీ ఆకలి, బరువు, మగత పెంచుతుంది, స్టాఫ్ తక్కువైన చోట మాత్ర పెంచడం తేలిక. ఇంగ్లండ్‌లో 2015లో లెక్క తీస్తే, ఆ మందు వాడాల్సిన జబ్బు లేకుండానే 30,000 నుంచి 35,000 మంది మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్లు మనసు మీద పనిచేసే మందులు మింగుతున్నట్టు తేలింది. ఆ తర్వాతి ఏడు వాటిని తగ్గించడానికే ఒక ఉద్యమం మొదలుపెట్టారు.

కాబట్టి ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి: మందు మార్చినా, మోతాదు పెంచినా ముందుగా కుటుంబానికి చెప్పాలి, కారణం రాసి ఇవ్వాలి. ప్రతి ఆరు నెలలకు డాక్టర్ దగ్గర కూర్చుని "ఇది ఇంకా ఎందుకు?" అని ఒక్కో మాత్ర పేరు పెట్టి అడగండి. మీ అంతట మీరు ఫిట్స్ మందు గానీ, ఈ మందులు గానీ హఠాత్తుగా ఆపకండి. అది ఇంకా ప్రమాదం.

ఫిట్స్ వస్తే ఏం చేస్తారో చేసి చూపించమనండి. తాళాల గుత్తి చేతిలో పెడతామన్నా, నోట్లో స్పూను పెడతామన్నా ఆ స్టాఫ్‌కు ఎవరూ నేర్పలేదని అర్థం. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తనిది పెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. స్నానం దగ్గర ఫిట్స్ ఉన్న మనిషిని ఒంటరిగా వదలకూడదు. 2013 జూలైలో ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక యూనిట్‌లో ఫిట్స్ ఉన్న 18 ఏళ్ల కుర్రాడు స్నానపు తొట్టిలో మునిగి చనిపోయాడు. వాళ్లమ్మ వాడికి ఫిట్స్ వస్తున్నాయని అంతకు ముందే చెప్పింది. ఆ చావుకు నిర్లక్ష్యం కూడా కారణమని 2015లో జ్యూరీ తేల్చింది. మన దగ్గర తొట్టెలు లేవు గానీ జారే నేల, ఇనుప బకెట్, లోపలి గడియ ఉన్నాయి.

మలబద్ధకం అంటే నవ్వొస్తుంది గానీ మాటలు రాని మనిషికి అది ప్రాణం మీదికి తెస్తుంది. మాత్రల వల్ల, నీళ్లు తక్కువవడం వల్ల, కదలిక లేకపోవడం వల్ల వస్తుంది. మూడు రోజులు విరేచనం కాకపోతే రిజిస్టర్‌లో ఎవరికి తెలుస్తుందని అడగండి. అసలు ఆ రిజిస్టరే లేదంటారేమో.

అడుగు 6: డబ్బు, గార్డియన్‌షిప్

జీవితాంతానికి ఒకేసారి పెద్ద మొత్తం కట్టించుకునే పథకాలకు నేను వ్యతిరేకం. డబ్బంతా ముందే ఇచ్చాక మీ ఫిర్యాదుకు విలువ ఉండదు. నెలనెలా కట్టండి. తిరిగొచ్చే డిపాజిట్ ఎంత, ఎన్ని రోజుల్లో ఇస్తారు, హోమ్ మూతపడితే ఏం జరుగుతుందన్నవి కాగితం మీద ఉండాలి.

పింఛను డబ్బు ఎవరి చేతికి పోతోందో చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016. మా బంధువుల ఊళ్లో ఒకాయన మేనల్లుణ్ణి హోమ్‌లో పడేసి, పింఛను మాత్రం ఏళ్ల తరబడి తానే తీసుకున్నాడు. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), బ్యాంకు పుస్తకం అసలువి మీ దగ్గరే ఉండాలి, హోమ్‌కు జిరాక్సులు చాలు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చు వస్తుంది, చేర్చేటప్పుడు వైద్య పరీక్షలు ఉండవు. తల్లిదండ్రుల్లో ఎవరైనా కేంద్ర ప్రభుత్వ పింఛన్‌దారు అయితే, సంపాదించుకోలేని బిడ్డకు జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. ఆ పేరు పీపీఓలో (పింఛను మంజూరు పత్రంలో) మీరు ఉండగానే ఎక్కించండి, తర్వాత తిరగడం నరకం.

పద్దెనిమిది నిండాక తల్లిదండ్రులు తమంతట తామే చట్టబద్ధమైన గార్డియన్లు కారు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఏర్పడిన, కలెక్టర్ స్థాయి అధికారి ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. నియమించాక ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏటా లెక్కలు ఇవ్వాలి. గార్డియన్ సరిగా చూడకపోతే తొలగించమని బంధువులు అడగవచ్చు. హోమ్ నడిపేవాళ్లనే గార్డియన్‌గా పెట్టవద్దని మాత్రం గట్టిగా చెప్తాను. ఫీజు తీసుకునే చెయ్యి, సంతకం పెట్టే చెయ్యి ఒకటే అయితే ఇక అడిగేదెవరు?

అడుగు 7: చేర్చేటప్పుడు

"మొదటి నెల రావద్దు, వస్తే బెంగ పెట్టుకుంటారు" అంటారు చాలాచోట్ల. ఒప్పుకోవద్దు. దెబ్బల గుర్తులు మాయం కావడానికి ఒక నెల చాలు. రెండోసారి మేం ఇలా చేశాం: ముందు రెండు ఆదివారాలు అక్కడే భోజనం, తర్వాత ఒక రాత్రి నేనూ అక్కడే పడుకున్నాను, తర్వాత వాడు ఒక్కడే రెండు రాత్రుళ్లు. వాడిని చూడబోయే కేర్‌టేకర్ ఒకరోజు మా ఇంటికి వచ్చి వాడు ఎలా తింటాడో, ఎలా పడుకుంటాడో చూశాడు. వాడి పాత దుప్పటి ఉతక్కుండా పంపాను, అమ్మ వాసన ఇంకా ఉందేమోనని. అబద్ధం చెప్పకండి. "షికారుకు పోతున్నాం" అని తీసుకెళ్లి వదిలేస్తే తర్వాత జీవితాంతం కారు ఎక్కడానికి భయపడతారు. నేను క్యాలెండర్ మీద నా ఫొటో చిన్నది అంటించి, వచ్చే రోజులు చూపించాను.

అడుగు 8: చేర్చాక

వారానికి ఒకసారి కుదరకపోతే పదిహేను రోజులకు ఒకసారి వెళ్లండి, వెళ్లే రోజునూ వేళనూ మార్చి మార్చి. అమెరికాలో ఉన్న అన్నయ్య ఆదివారం తొమ్మిదింటికి వీడియో కాల్ చేస్తే తల దువ్వి కూర్చోబెడతారు. అది చూపులే తప్ప పర్యవేక్షణ కాదు. దూరంగా ఉన్నవాళ్లు ఊళ్లో ఒక మనిషికి ఆ బాధ్యత అప్పజెప్పి, దారి ఖర్చులు ఇవ్వండి.

వెళ్లిన ప్రతిసారీ బరువు చూసి రాసుకోండి. మీరే స్నానం చేయించండి, లేదా బట్టలు మార్చండి. ఒంటి మీద గుర్తులు కనిపించేది అప్పుడే. మణికట్టు చుట్టూ ఒరిపిడి, పై చేతి లోపలి వైపు వేళ్ల గుర్తులు, ఒక మనిషిని చూడగానే ముడుచుకుపోవడం, తిండి దాచుకోవడం గమనించండి. నిద్రలో ఉలిక్కిపడటం కొత్తగా మొదలైతే కారణం వెతకండి.

ఆయాలతో మంచిగా ఉండండి, పండక్కి చీర పెట్టండి, వాళ్ల పిల్లల చదువు అడగండి. ఇది లంచం కాదు. మనింటి మనిషిని ఎత్తి దింపే చేతులవి. ఏదైనా తప్పు జరిగితే మొదట మీకు ఫోన్ చేసేది వాళ్లే. మిగతా కుటుంబాల నంబర్లు తీసుకుని ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టండి. ఒక్కరు అడిగితే "మీవాడు అంతే" అంటారు, పదిమంది అడిగితే మీటింగ్ పెడతారు.

చిన్న లోపాలకు నోటితో చెప్పి వారం ఆగండి. రెండోసారి కాగితం మీద తేదీతో రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. దెబ్బలు, లైంగిక హింస, తిండి మాన్పించడం అయితే ఆగకండి. ఫొటోలు తీయండి, ప్రభుత్వాసుపత్రిలో చూపించి కాగితం తీసుకోండి. 2016 చట్టం ఏడో సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కు ఫిర్యాదు చేయవచ్చు. మన మండలాల్లో ఆ అధికారం తహశీల్దార్‌కు ఉంటుంది. పోలీసులకు, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు కూడా ఇవ్వండి. తన చేతిలో ఉన్న దివ్యాంగుడికి తెలిసి తెలిసి తిండి, నీళ్లు ఇవ్వకపోవడం తొంభై రెండో సెక్షన్ కింద నేరం, ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు.

అన్నిటికంటే ముందు, ఆ రాత్రికి మనిషిని ఎక్కడికి తీసుకెళ్తారో మీకు తెలిసి ఉండాలి. మొదటి హోమ్ నుంచి మా తమ్ముణ్ణి తెచ్చిన రోజు నాకది తెలియదు. రాత్రి తొమ్మిదింటికి ఆటోలో వాడి పక్కన కూర్చుని, ఏ మందు ఎంత వేయాలో తెలియక చీటీ కోసం వెతుక్కున్నాను. ఇప్పుడు మా బీరువా పక్కన ఒక బ్యాగ్ ఉంటుంది. అందులో వారానికి సరిపడా మందులు, చీటీల జిరాక్సులు, రెండు జతల బట్టలు, వాడి పుస్తకం కాపీ ఉంటాయి. మూడు నెలలకోసారి ఎక్స్‌పైరీ చూసి మందులు మారుస్తాను.